పంచుకున్నట్టు ఫొటో పెట్టండి

ప్రాథమిక పాఠశాల టీచర్లు తమకు తెలిసింది తోటివాళ్లకు చెప్పరని, ఎవరి గది తలుపు వాళ్లు వేసుకుని కూర్చుంటారని అనేవాళ్లున్నారు. పచ్చి అబద్ధం. మన టీచర్లు పంచుకున్నంతగా ఇంకే శాఖ ఉద్యోగులూ పంచుకోరు. డీఏ జీవో వెలువడిన గంటలో ఎవరికెంత బకాయి వస్తుందో పట్టిక తయారై రాష్ట్రం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరిపోతుంది. బదిలీల మార్గదర్శకాలు వచ్చిన రాత్రే, ఎన్ని పాయింట్లుంటే ఏ ఊరు దక్కుతుందో తేల్చే లెక్క ఫోన్లలో తిరుగుతుంది. టీచర్ల శిక్షణకు పెట్టిన నిష్ఠ ఆన్‌లైన్ కోర్సు మొదలైందంటే చాలు, చివర్లో వచ్చే క్విజ్‌కు జవాబులు కోర్సు కంటే ముందే అందుతాయి. కోర్సు వీడియో ఒకపక్క తనంతట తాను ఆడుతూ ఉంటుంది, రెండోపక్క మాస్టారు వంకాయలు బేరమాడుతూ ఉంటారు, సర్టిఫికెట్ మాత్రం పేరులో అక్షరం పొల్లు పోకుండా వచ్చేస్తుంది.

వీటన్నిటికీ తలమానికం ఇన్‌కంటాక్స్ షీటు. ఏటా సంక్రాంతి వెళ్లగానే పుడుతుంది. ఏదో ఒక మండలంలో ఒక ఎస్జీటీ టీచరు రాత్రుళ్లు కూర్చుని ఎక్సెల్‌లో తయారుచేస్తాడు. మూలవేతనం, ఇంక్రిమెంటు నెల, ఇంటి అద్దె శాతం కొడితే చాలు; పన్నెండు నెలల జీతం తనే పరుచుకుని, పాత పద్ధతిలో పన్నెంత, కొత్త పద్ధతిలో ఎంత, ఏది లాభమో చెప్పి, ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితాలు కూడా అచ్చుకు సిద్ధం చేసి పెడుతుంది. ఎక్కడైనా తప్పు దొర్లితే ఇంకో జిల్లా మేడం పట్టుకుంటుంది. మర్నాటికి సవరించిన షీటు వస్తుంది. దీనికి ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. శిక్షణ తరగతులు పెట్టలేదు. తయారుచేసినవాడు పైసా అడగడు, శాలువా అడగడు. తోటి ఉపాధ్యాయుల నుంచి నేర్చుకోవడం గురించి బీఈడీ పుస్తకాలు పేజీలకు పేజీలు రాసిందంతా ఇక్కడ అక్షరాలా జరుగుతోంది. అవసరం వాళ్లది, తయారీ వాళ్లది, పరీక్షించేది వాళ్లే, దిద్దేదీ వాళ్లే.

మరి రెండో తరగతి పిల్లాడికి అప్పు తీసుకునే తీసివేత రాకపోతే, ఇలాంటి సాయం ఒకటి రాత్రికి రాత్రి ఎందుకు పుట్టదు?

ఎందుకంటే జీతం టీచరుది. తీసివేత ఎవరిది? అది సమగ్ర శిక్షది, ఎస్‌సీఈఆర్‌టీది, మండల విద్యాధికారి ఎంఈఓది, ఈ నెల కొత్తగా దింపిన యాప్‌ది. ఏ రోజు ఏ పేజీ చెప్పాలో పైనుంచే వస్తుంది. చెప్పినట్టు రుజువు సాయంత్రానికి పైకి వెళ్లాలి. తనదనుకున్నదాన్ని మనిషి అడగకపోయినా పంచిపెడతాడు. తూకం వేసి చేతికిచ్చి, పొద్దుగూకేసరికి లెక్క అప్పజెప్పమనే సరుకును ఎవడు పంచుతాడు? భద్రంగా కాపలా కాస్తాడు, అంతే.

పంచుకోవడం విలువ సర్కారుకు తెలియదని కాదు. బాగా తెలుసు, అదే బాధ. కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది: ఒక హైస్కూలు, దాని చుట్టుపక్కల ప్రాథమిక బడులు కలిసి ఒక స్కూల్ కాంప్లెక్స్‌గా ఉండాలి, ఊరికొకరుగా విడిపోయి ఒంటరిగా మగ్గుతున్న టీచర్లు ఒకరికొకరు ఆసరా కావాలి. 1986 విద్యా విధానం ఆ మాటే అంది. 2020 జాతీయ విద్యా విధానం అదే మాటను కొత్తగా కనిపెట్టినట్టు మళ్లీ అంది. ఈ 54 ఏళ్లలో టీచరు ఒంటరితనం తీరలేదు గానీ, ఆ ఒంటరితనానికి ఒక ఎజెండా, ఒక హాజరు పట్టీ, పూరించాల్సిన ఒక ఫార్మాటు సమకూరాయి.

కాంప్లెక్స్ సమావేశం ఎలా నడుస్తుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. ముందు హాజరు. సంతకం ఒకటి, యాప్‌లో ఒకటి, గ్రూపు ఫొటో ఒకటి. తర్వాత పైనుంచి వచ్చిన పీపీటీ. దాన్ని రాష్ట్రస్థాయిలో ఎవరో చెప్పగా జిల్లా రిసోర్స్ పర్సన్లు విన్నారు, వాళ్లు చెప్పగా మండలం వాళ్లు విన్నారు, ఇప్పుడు మండలం వాళ్లు చెబుతుంటే మనం వింటున్నాం. సూతుడు శౌనకాది మునులకు చెప్పిన సత్యనారాయణ వ్రతకథ లాగా, అందరి దృష్టీ ప్రసాదం మీదే ఉంటుంది. ఇక్కడ ప్రసాదం సమోసా, చిన్న గ్లాసు టీ. ఆ పీపీటీని మధ్యలో ఆపి, 'సార్, మా బడిలో అయిదు తరగతులకూ నేనొక్కదాన్నే, ఇది నాకెలా కుదురుతుంది?' అని అడగడం మర్యాద కాదు. అడిగితే జవాబు ఉంటుంది: 'మేడం, అది నాకూ తెలియదు. పైనుంచి వచ్చింది, చెబుతున్నా.'

ఆ తర్వాత డెమో లెసన్. ఇది చూసి తీరాలి. ఒక టీచరు బోర్డు దగ్గర నిలబడతారు. నలభై, యాభై ఏళ్ల పెద్దమనుషులు బెంచీల మీద ఒకటో తరగతి పిల్లలైపోతారు. 'పిల్లలూ, ఇది ఏంటి?' 'ఆవు టీచర్!' 'ఆవు ఏమిస్తుంది?' 'పాలు టీచర్!' వచ్చే ఏడాది రిటైరయ్యే మాస్టారు కూడా గొంతు కలుపుతారు. పాఠం అద్భుతంగా సాగుతుంది. ఒక్కరూ తప్పు చెప్పరు, ఒక్కరూ ఏడవరు, పక్కవాడి పెన్సిలు లాక్కోరు, మధ్యలో ఒంటేలుకు వెళ్తామనరు. ఎందుకు తప్పు చెబుతారు? ఆ తరగతిలో పిల్లలందరూ డీఎస్సీ పాసైనవాళ్లే. ఈ డెమో నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే ఉంది: పాఠం ముందే వచ్చినవాళ్లకు పాఠం చెప్పడం చాలా సులువు.

ఇక 'అనుభవాల పంపకం'. ఎజెండాలో దానికి చివరి పదిహేను నిమిషాలు ఉంటాయి. ముందున్న అంశాలన్నీ తలా కాస్త సాగి ఆ పదిహేనునూ మింగేస్తాయి. అయినా నష్టమేమీ లేదు. 'ఉపాధ్యాయులు తరగతి గది అనుభవాలను ఒకరితో ఒకరు పంచుకున్నారు' అన్న వాక్యం మినిట్స్ పుస్తకంలో పొద్దున్నే రాసి పెట్టి ఉంది. కింద అందరం సంతకాలు చేశాం.

ఆఖరున పంచుకుంటున్నట్టు ఫొటో. నలుగురు ఒక చార్టు పట్టుకోవాలి, మిగతావాళ్లు దానివైపు ఆసక్తిగా చూడాలి. 'మేడం, కొంచెం ఇటు. సార్, మీరు వేలు పెట్టి చూపించండి. నవ్వొద్దు, చర్చిస్తున్నట్టు ఉండాలి.' ఆ చార్టు తలకిందులుగా ఉన్నా పైన ఎవరూ పట్టించుకోరు. పైన లెక్కపెట్టేది ఫొటోలు వచ్చాయా లేదా అన్నదే.

ఇంత చెప్పాక టీఎల్ఎం మేళా గురించి చెప్పకపోతే పాపం. టీఎల్ఎం అంటే బోధనాభ్యసన సామగ్రి. పిల్లాడు చేత్తో పట్టుకుని, తిప్పి, విప్పి, విరగ్గొట్టి నేర్చుకోవాల్సింది. మేళాలో మాత్రం దాని చుట్టూ తాడు కట్టి ఉంటుంది. థర్మోకోల్ సౌరకుటుంబం తిరుగుతుంది, మధ్యలో సూర్యుడి బల్బు వెలుగుతుంది. అగ్నిపర్వతం వంటసోడా, వెనిగర్‌తో పొంగుతుంది. ఇది మూడో తరగతి పరిసరాల విజ్ఞానంలో ఏ పాఠానికి పనికొస్తుందో అడిగేవాడు లేడు. గుణింతాల చెట్టుకు చమ్కీ ఆకులు. వాటిలో సగం పట్టణంలో స్టేషనరీ కొట్టువాడు చేసినవే. మేళా తేదీ ఎంఈఓ ఆఫీసు కంటే వాడికే ముందు తెలుస్తుంది. గిరాకీని బట్టి ఒక్కో మోడల్ పది చొప్పున తయారుంచుతాడు. అలా ఒకే సౌరకుటుంబం ఒకే రోజున నాలుగు మండలాల్లో నాలుగు ప్రథమ బహుమతులు తెచ్చుకుంటుంది. న్యాయనిర్ణేతలు అందాన్ని చూస్తారు, పరిమాణాన్ని చూస్తారు, కరెంటు ఉందా అని చూస్తారు. పిల్లాడు వాడాడా, వాడితే ఏం నేర్చుకున్నాడు అన్న గడి మార్కుల షీటులో ఉంటే ఉండొచ్చు, దాన్ని నింపడానికి పిల్లాడు అక్కడ ఉండాలి కదా. వాడు ఆ రోజు బడిలో ఉన్నాడు. టీచరు మేళాలో ఉన్నారు.

మేళా అయ్యాక ఆ సౌరకుటుంబం బీరువా ఎక్కుతుంది. ఈ బీరువా సంప్రదాయం పాతదే. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పెట్టి దేశమంతా చిన్న బడులకు గ్లోబులు, పటాలు, సైన్సు కిట్లు, లెక్కల కిట్లు పంపారు. చాలాచోట్ల అవి ఇనప్పెట్టెలోనే ఉండిపోయాయి. పాడైతే రికవరీ పెడతారని హెచ్‌ఎం భయం. తాళంచెవి మొలకు కట్టుకుని, ఏటా స్టాకు రిజిస్టరులో 'సామగ్రి భద్రం' అని రాసి, వాటిని అంతే భద్రంగా తర్వాతి హెచ్‌ఎంకు అప్పజెప్పారు. గ్లోబు మీద వేలు పెట్టిన పిల్లాడు లేడు గానీ, సోవియట్ యూనియన్ ఆ పెట్టెల్లో పదిలంగా చాలాకాలం బతికింది. తర్వాత సర్వశిక్షా అభియాన్ రోజుల్లో ఒక్కో టీచరుకు సామగ్రి తయారీకి ఏడాదికి 500 రూపాయలిచ్చారు. మంచి ఆలోచనే, చిన్న మొత్తమే అయినా టీచరును నమ్మి చేతికిచ్చిన సొమ్ము. దానికి బిల్లు అడిగారు. బిల్లు చీపురు పుల్లలకు రాదు, చింతపిక్కలకు రాదు. చార్టులకు, స్కెచ్ పెన్నులకు, ఫెవికాల్‌కు వస్తుంది. అలా బిల్లు రానివన్నీ బోధనా సామగ్రి కాకుండా పోయాయి.

బిల్లు రాని, బహుమతి రాని ఒక వస్తువు సంగతి చెబుతాను. మూడో తరగతి పిల్లాడికి 'మూడు వందల నాలుగు' రాయమంటే 3004 అని రాస్తాడు. వాడికి తెలివి లేక కాదు. విన్నది విన్నట్టు రాశాడు. మూడు వందలంటే 300, పక్కన నాలుగు. సున్నా ఎక్కువైందని చెబితే ఆ ఒక్కటి కొట్టేస్తాడు. మర్నాడు 'రెండు వందల పదిహేను'ను 20015 చేస్తాడు. ఇది ఒక్క ఊరి జబ్బు కాదు, లెక్కలు చెప్పే ప్రతి టీచరూ ఏటా చూసేదే. దీనికి మందు కూడా పాతదే. పాత పెళ్లి శుభలేఖల అట్ట కత్తిరించి వందల చీటీలు వెడల్పుగా, పదుల చీటీలు అందులో మూడింట రెండు వంతులు, ఒకట్ల చీటీలు మూడింట ఒక వంతు చేయాలి. 300 చీటీ మీద 4 చీటీని కుడి అంచుకు ఆనించి పెడితే చివరి సున్నా మూతపడి 304 కనబడుతుంది. రెండుమూడు సార్లు పెట్టి తీశాక పిల్లాడే అంటాడు, సున్నా ఎటూ పోలేదు టీచర్, కింద దాక్కుందని. ఇక వాడు జీవితంలో 3004 రాయడు.

ఈ చీటీల సంగతి ఒక టీచరు నుంచి ఇంకో టీచరుకు ఎక్కడ చేరుతుంది? సమావేశంలో కాదు, సమావేశం అయ్యాక బస్సు కోసం నిలబడ్డప్పుడు. ఒకరు చెబుతారు. రెండో ఆవిడ, 'చేసి చూశాను మేడం, మా పిల్లలకు అంచు సమంగా ఆనించడం రావట్లేదు' అంటారు. 'కుడి కొసను బాణంలా కత్తిరించండి, బాణాలు కలిస్తే సరిపోయినట్టే' అంటారు మొదటావిడ. పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డ మాస్టారు కలగజేసుకుంటారు: 'ఊరికే పేర్పిస్తే లాభం లేదమ్మా. పేర్చేటప్పుడు నోటితో అనిపించాలి, మూడు వందల... నాలుగు... అని. లేకపోతే ఆటాడి ఇంటికి పోతారు.' ఈలోగా బస్సు వచ్చేస్తుంది. ఒక చిన్న ఊహ, అందులో దొర్లిన లోపం, ఆ లోపానికి దిద్దుబాటు, దిద్దుబాటుకు హెచ్చరిక, అన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. మూడు గంటల సమావేశంలో కానిది ఇదే. పంచుకోవడమంటే నా దగ్గరున్నది నీకివ్వడం ఒక్కటే కాదు. నాది నీ తరగతిలో ఎక్కడ తుస్సుమందో నువ్వొచ్చి నాకు చెప్పడం. తుస్సుమన్న సంగతి చెప్పుకోవడానికి ఏ ఫార్మాటులోనూ గడి లేదు. అక్కడ 'సాధించిన ప్రగతి' అనే గడి ఉంది, 'ఉత్తమ ఆచరణలు' అనే గడి ఉంది.

అదే చీటీలను మేళాకు తీసుకెళ్లండి చూద్దాం. 'ఇందులో ఇన్నోవేషన్ ఏముందమ్మా?' అంటారు. 'లైటు వెలగదా?' అంటారు.

మన నేల మీద మంచి ప్రయత్నాలు మొలవలేదని అనలేం. మొలిచాయి, మనమే సాగనంపాం. బ్రిటన్ సాయంతో 1980ల్లో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది, పాతతరం మాస్టర్లు ఏపీపెప్ అనేవారు. దాని ఆరు సూత్రాల్లో మొదటిది ఏమిటంటే, తరగతిలో చేయించే పనులు టీచరు స్వయంగా ఊహించి తయారుచేయాలని. స్థానిక పరిసరాలను వాడుకోవాలని, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించాలని కూడా అందులో ఉంది. కొన్ని బడులకు ఒక ఉపాధ్యాయ కేంద్రం పెట్టి టీచర్లను కూర్చోబెట్టారు. ఆ సూత్రాలు ఇప్పుడు చదివినా నోరెత్తలేం, అంత చక్కగా ఉంటాయి. పథకం పోయింది, జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం డీపీఈపీ వచ్చింది, సర్వశిక్షా అభియాన్ వచ్చింది, సమగ్ర శిక్ష వచ్చింది. వచ్చిన ప్రతిదీ మునుపటిదాని బోర్డు పీకి తన బోర్డు కొట్టింది. పిల్లల పనిని గోడకెక్కించమన్న మాట ఒక్కటే మిగిలింది, అదీ పెద్దవాళ్ల చేతిరాతతో, లామినేషన్‌తో, పిల్లలకు అందనంత ఎత్తులో.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో ఒంటిగది బడులు నడిపినవాళ్లు ఇంకో దారి తొక్కారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ, ఒకే టీచరు ఉన్నచోట ఎవడి వేగాన వాడు నడవడానికి కార్డులు చేశారు, మెట్లు మెట్లుగా ఒక నిచ్చెన గీశారు. స్థానికుల పాటలు, కథలు అందులోకి ఎక్కాయి. 1995లో మైసూరు జిల్లా హెచ్‌డీ కోటె తాలూకా టీచర్లు వచ్చి చూసి, తమ ఊళ్లకు తగ్గట్టు మార్చుకున్నారు. కర్ణాటకలో అదే నలి-కలి అయింది. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులు, అక్కణ్నుంచి తమిళనాడంతా. మన దగ్గరా గిరిజన ప్రాంతాల్లో కొన్ని బడుల్లో కార్డులు కొన్నాళ్లు కనిపించాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరికే అన్నారా? మదనపల్లె మందును చెన్నై వాడు వాడాక, దాన్ని చూడ్డానికి మన అధికారులు చెన్నైకి స్టడీ టూరు వేయాల్సిందే. అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. కోటె టీచర్లు కార్డులు మాత్రమే పట్టుకెళ్లలేదు. చూసి, ముచ్చటపడి, ఇంటికెళ్లి తమవి తామే రాసుకున్నారు. తర్వాత ఏ రాష్ట్రంలోనైనా అవి కట్టలు కట్టి లారీల్లో దిగినచోట, టీచరుకు అది ఇంకో స్టాకు రిజిస్టరు అయింది.

ఈ పంపకాల ముచ్చటంతా వినడానికి బాగానే ఉంది, కానీ ఎవరితో పంచుకోవాలి? కేంద్రం లెక్కల ప్రకారమే 2024-25లో దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. అందులో అగ్రస్థానం ఆంధ్రప్రదేశ్‌దే, 12 వేలకు పైగా. ఈ పతకాన్ని మాత్రం మనం ఎక్కడా ఊరేగించలేదు. అక్కడి టీచరు తన మంచి ఊహను చెప్పాలంటే మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మకు చెప్పాలి. ఆమె వింటుంది కూడా, పీపీటీ చూపించేవాళ్ల కంటే శ్రద్ధగా. ఇక ఆ టీచరు కాంప్లెక్స్ సమావేశానికి వస్తే అక్కడ బడికి తాళం. రాకపోతే ఇక్కడ మెమో. పిల్లలా, తోటి టీచర్లా అని ఎంచుకోమని పెట్టిన ఈ పరీక్షకు ఏ బీఈడీ కాలేజీలోనూ కోచింగ్ లేదు.

కాలం సంగతి మరీ విడ్డూరం. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో టీచరుకు వారానికి 45 గంటల పని అని రాశారు, అందులో పాఠం తయారీకి పట్టే సమయం కలిపే అని కూడా రాశారు. తయారీ కూడా పనేనని ఈ దేశపు పార్లమెంటు ఒప్పుకుంది. టైంటేబులు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఏ ప్రాథమిక పాఠశాలలోనైనా 'తయారీ' అనే పీరియడ్ చూపించండి, ఇద్దరు టీచర్లు కూర్చుని రేపటి పాఠం మాట్లాడుకునే అరగంట చూపించండి. అదే చట్టం 27వ సెక్షన్ జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడొద్దంది. అందుకే వాడలేదు. ఫొటోలు మాత్రం తీయించారు. తిన్న పిల్లల ఫొటో, ఉడికిన గుడ్డు ఫొటో, ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లపాటు మరుగుదొడ్ల ఫొటోలు. ఫొటో తీయడం బోధన కాదని అంటారా? ఆ మాటకొస్తే పిల్లలకు బడి నేర్పిన మొదటి పాఠం అదే. తినబోయే ముందు గుడ్డును కెమెరాకు చూపించాలని మన పిల్లలకు ఒకటో తరగతిలోనే వచ్చు.

అయితే తప్పంతా పైవాళ్ల నెత్తిన రుద్ది చేతులు దులుపుకుంటే, బస్టాండులో ఆ సంచీ మాస్టారు ఊరుకోరు. పీరియడ్ ప్లాన్లను మనమే పంచుకుంటున్నాం. ఒకరు ఎప్పుడో రాసినదాన్ని వేలమంది దించుకుంటున్నాం. అందులో 'పిల్లలు వేపచెట్టు కిందికి వెళ్లి ఆకులు సేకరిస్తారు' అని ఉంటే, వేపచెట్టు లేని బడిలో కూడా పిల్లలు కాగితం మీద వెళ్లి సేకరిస్తున్నారు. తేదీ మార్చడం మరిచిపోయి పోయిన ఏడాది జూలైలో ఈ ఏడాది పాఠం చెప్పినవాళ్లున్నారు. తనిఖీకి వచ్చినవారూ సంతకం పెట్టి వెళ్లారు, వాళ్లూ తేదీ చూడలేదు.

మంచి ఊహ ఉన్నవాళ్లు దాన్ని దాచుకోవడం కూడా ఉంది, దానికి నెల పురస్కారాలిచ్చే సెప్టెంబరు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి 2018 నుంచి ఎవరికి వారే దరఖాస్తు పెట్టుకునే వీలొచ్చింది. తన గొప్పతనానికి తానే రుజువులు జతపరచాలి. వినూత్న పద్ధతి తనదేనని చూపించుకోవాల్సినవాడు దాన్ని పక్క బడివాడికి చెబుతాడా? చెబితే వచ్చే ఏడాది వాడి ఫైల్లో ఉంటుంది. పదిమందికి చెప్పి, పదిమంది దిద్దగా బాగుపడ్డ పద్ధతికి ఏ ఒక్కరి పేరూ ఉండదు కనుక దానికి శాలువా లేదు. పురస్కారం కోరడం నేరం కాదు. కానీ ఏకాకిగా ఉన్నవాణ్నే మెచ్చుకునే ఏర్పాటు చేసి, ఆ పక్కనే కలిసి మెలిసి పనిచేయండని సర్క్యులర్ వేయడం ఉంది చూశారూ, దానికి ఇవ్వాలి పురస్కారం.

రీల్స్ మాస్టర్లు ఇంకో కొత్త తెగ. పాట మంచిదే, పిల్లలకు అడుగులు నేర్పడమూ మంచిదే. కానీ తరగతి మొత్తం ఫోను వైపు తిరిగి ఎగురుతుంటే, ఎవరికి ఎవరు ఏం నేర్పుతున్నట్టు? 'డ' గుణింతం పాట లక్షమంది చూశారు. ఆ తరగతిలో వెనక వరుస పిల్లాడు 'డి' అన్నచోట 'ది' అని రాస్తున్నాడు. వాడు రీల్‌లో పడలేదు, కెమెరా కోణంలో లేడు. తోటి టీచరు ఆ రీల్ చూసి నేర్చుకునేది ఎర్రచీర బాగా కనిపిస్తుందని.

సంఘాలను కూడా వదలొద్దు. మనకున్నన్ని ఉపాధ్యాయ సంఘాలు, వాటి డైరీలు, వాటి క్యాలెండర్లు ఎక్కడా లేవు. పీఆర్సీ కోసం రోడ్డెక్కుతాం, ఎక్కాలి కూడా. డిమాండ్ల పత్రంలో పాఠం గురించి కూర్చుని మాట్లాడుకునే గంట కావాలన్న కోరిక ఎన్నో నంబరులో ఉందో ఎవరి సంఘం పత్రం వాళ్లు తీసి చూసుకోండి. భూతద్దం దగ్గర పెట్టుకోండి.

కలిసి కూర్చోవడం కుదరని పనేం కాదు. మధ్యప్రదేశ్ హోశంగాబాదులో 1972లో 16 బడులతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో టీచర్లు నెలనెలా కలిసేవారు. ఏ ప్రయోగం చెడింది, ఏ ప్రశ్నకు పిల్లలు నోరెళ్లబెట్టారు, ఏది మార్చాలి అని వాదించుకునేవారు. ఆ వాదనలు పుస్తకాలను మార్చాయి. సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో, అగ్గిపుల్లలతో అరవింద్ గుప్తా 1978లో ఆకారాలు కట్టడం మొదలుపెట్టింది ఆ వాతావరణంలోనే. ఏకలవ్య సంస్థ దాన్ని జిల్లాల కొద్దీ విస్తరించింది. ముప్ఫై ఏళ్లు నడిచింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఒక్క నిర్ణయంతో ఆపేసింది. టీచర్లు తమలో తాము మాట్లాడుకుని పాఠాలు మార్చేస్తుంటే, పైన కూర్చున్నవాళ్లకు పనేముంటుంది మరి?

కాబట్టి ఎంఈఓ గారూ, మీకో మనవి. వచ్చే కాంప్లెక్స్ సమావేశానికి ఒకే ఒక్క ఉత్తర్వు వేయండి: ప్రతి టీచరూ తన తరగతిలో ఒక పిల్లాడు తప్పు రాసిన నోటుబుక్కు ఒకటి పట్టుకురావాలి. ఒప్పు రాసింది వద్దు, ముత్యాల్లాంటి చేతిరాత వద్దు. నలుగురేసి కూర్చుని, వీడు ఇలా ఎందుకు రాశాడో, మీ దగ్గర ఎవరైనా రాశారా, మీరేం చేశారు, అది పనిచేసిందా అని మాట్లాడుకోనివ్వండి. పీపీటీ పంపకండి. ఏకోపాధ్యాయ బడులకు ఆ పూట ఎవరినైనా సర్దుబాటు చేయండి. మీరూ రండి, ఫోను ఆఫీసులో పెట్టి, ఒక మూల కూర్చుని వినండి. సమోసాలు మీ ఇష్టం. సాయంత్రం మాత్రం ఎవరినీ నివేదిక అడగకండి.